విద్యార్థుల పోటీ పరికరాల్లో కాంతి సెన్సర్ల విశ్వసనీయత

గీత వెంట నడిచే రోబో, చీకటి పడగానే తనంతట తాను వెలిగే వీధిదీపం నమూనా, గోడల మధ్య దారి వెతుక్కునే మైక్రోమౌస్, ఒక గోళీ దొర్లిస్తే పది పనులు వరసగా జరిగిపోయే గొలుసు యంత్రం: బడుల వైజ్ఞానిక ప్రదర్శనల్లోనూ ఇంజినీరింగ్ కాలేజీల టెక్‌ఫెస్టుల్లోనూ కనబడే ఈ పరికరాలకు కన్నుగా పనిచేసేది, వెలుతురు పడితే తన విద్యుత్ గుణం మార్చుకునే ఒక చిన్న భాగం. ఎల్‌డీఆర్, ఫోటోట్రాన్సిస్టర్, ఫోటోడయోడ్ వీటిలో ముఖ్యమైనవి. ఒకే పరిస్థితికి ప్రతిసారీ ఒకే జవాబు ఇవ్వగలగడమే వీటి విశ్వసనీయత. పోటీలో ఆ అర్థం ఇంకా ఇరుకవుతుంది. హాస్టల్ గదిలో వారం రోజులు నడిచిన పరికరం వేరే ఊళ్లో, వేరే హాల్లో, న్యాయనిర్ణేతల ముందు, ఇచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో నడవాలి.

"రాత్రి బాగానే నడిచింది సార్" అన్న మాట ఏ పోటీ ప్రాంగణంలోనైనా వినబడుతుంది. అది సాకు కాదు, నిజమే. ఇక్కడ భాగం చెడిపోవడం అరుదు. దాన్ని ఏ వెలుతురులో సరిచేశారో ఆ వెలుతురు మారిపోవడమే తరచు జరిగేది. సెన్సర్ చెప్పగలిగేది "నా మీద ఇంత వెలుతురు పడింది" అని మాత్రమే. అది నేలమీది తెల్లరంగు నుంచి వచ్చిందో, పక్క కిటికీలోంచి వచ్చిందో దానికి తెలియదు. కింద వివరించే చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచి పుట్టినవే.

పూర్వ చరిత్ర

వెలుతురుకు వాహకత మారే గుణం మొదట లోకానికి తెలిసింది ఒక ఇబ్బందిగానే. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్లను పరీక్షించడానికి ఇంగ్లండు ఇంజినీరు విలోబీ స్మిత్‌కు చాలా ఎక్కువ నిరోధం గల కడ్డీలు కావలసి వచ్చాయి. సెలీనియం కడ్డీలు వాడి చూస్తే కొలతలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. కడ్డీలున్న పెట్టె మూసి ఉంటే నిరోధం ఎక్కువ, తెరిస్తే తక్కువ. కారణం వెలుతురేనని గుర్తించిన ఆ పరిశీలన 1873 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వెలువడింది. ఏడేళ్లకు, 1880లో, అలెగ్జాండర్ గ్రాహం బెల్ అదే సెలీనియంతో వెలుతురు మీద మాటను పంపే ఫోటోఫోన్ చేశాడు. ఒకరిని విసిగించిన గుణమే మరొకరికి పనిముట్టయింది.

వెలుతురును చూసి కదిలే చిన్న యంత్రాలను తొలినాళ్లలో చేసినవారిలో గ్రే వాల్టర్ ఒకరు. 1940ల చివర ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఆయన చేసిన ఎల్మర్, ఎల్సీ అనే రెండు "తాబేళ్లు" ఒక్క ఫోటోసెల్ ఆధారంగా దీపం వైపు నడిచేవి. పోటీల సంగతికి వస్తే, ఐట్రిపుల్ఈ స్పెక్ట్రమ్ పత్రిక 1977లో మైక్రోమౌస్ పోటీని ప్రకటించింది. చివరి దశ 1979లో న్యూయార్క్‌లో జరిగింది. మరుసటి ఏడాదే జపాన్ దాన్ని అందుకుంది. మన దేశంలో ఐఐటీ బాంబే విద్యార్థులు 1998లో మొదలుపెట్టిన టెక్‌ఫెస్ట్, అదే సంస్థ 2012 నుంచి నడుపుతున్న ఈ-యంత్ర రోబోటిక్స్ పోటీ, వరంగల్ ఎన్‌ఐటీ టెక్నోజియాన్ వంటి ఉత్సవాలు తెలుగు విద్యార్థులకు ఈ విద్యను దగ్గర చేశాయి. నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబులు దేశమంతటా పది వేలకు పైగా బడుల్లో ఏర్పడ్డాక, ఎల్‌డీఆర్ తొమ్మిదో తరగతి పిల్లల చేతికి కూడా వచ్చింది.

ఎల్‌డీఆర్

వెలుతురు పెరిగితే నిరోధం తగ్గే, కాడ్మియం సల్ఫైడ్ పూతతో, పైన పాములా మెలికలు తిరిగిన గీతతో ఉండే ఈ బిళ్ల అన్నిటికంటే చవక. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో గుప్పెడు కొనుక్కుని వచ్చే విద్యార్థులు ఎందరో. దీని చూపు మన కంటి చూపుకు దగ్గరగా, పచ్చరంగు కాంతి దగ్గర, అంటే దాదాపు 540 నానోమీటర్ల వద్ద బలంగా ఉంటుంది. అందువల్ల మన కంటికి తేడా కనిపిస్తే దానికీ కనిపిస్తుంది. మొదటి పాఠానికి ఇంతకంటే మంచి భాగం లేదు. పోటీకి మాత్రం మూడు లోపాలను ఎరిగి వాడాలి.

మొదటిది, ఒకే పేరున్న రెండు ఎల్‌డీఆర్‌లు ఒకటి కావు. విరివిగా దొరికే జీఎల్ 5528కి తయారీదారు ఇచ్చే హామీ, 10 లక్స్ వెలుతురులో నిరోధం 10 నుంచి 20 కిలో ఓంల మధ్య ఉంటుందని. దాన్ని 5 వోల్టులకు కలిపి, కింద 10 కిలో ఓంల రెసిస్టర్ పెట్టామనుకుందాం. ఒక బిళ్లతో మధ్య బిందువు దగ్గర 2.5 వోల్టులు వస్తాయి, మరో బిళ్లతో 1.67 వోల్టులే వస్తాయి. వోల్టేజిని అంకెగా మార్చి చదివే ఆర్డుయినో బోర్డు లెక్కలో మొదటిది 512, రెండోది 341. రెండూ మంచి బిళ్లలే. ఎడమ సెన్సర్‌కూ కుడి సెన్సర్‌కూ ప్రోగ్రాములో ఒకే అంకె రాసుకున్న జట్టు రోబో మాత్రం గీత మీదే ఒక పక్కకు గుంజుకుపోతుంది. సూర్యుడి వైపు తిరిగే పలక నమూనాలోనూ ఇదే బాధ. రెండు ఎల్‌డీఆర్‌లు సమానం కాకపోతే పలక ఎప్పుడూ కాస్త పక్కకే చూస్తుంది. పది బిళ్లలు కొని, ఒకే దీపం కింద పక్కపక్కన పెట్టి, మల్టీమీటర్‌తో కొలిచి, దగ్గరగా ఉన్న జంటను ఏరుకోవడం అరగంట పని. ఆ అరగంట వెచ్చించినవారికి తరవాత ఎన్నో రాత్రులు మిగులుతాయి.

రెండోది నిదానం. వెలుతురు పెరిగినప్పుడు సుమారు 20 మిల్లీసెకన్లు, తగ్గినప్పుడు 30 మిల్లీసెకన్లు పడుతుందని దీని వివరాల పత్రాలు చెబుతాయి. సెకనుకు మీటరు వేగంతో వెళ్లే రోబో 30 మిల్లీసెకన్లలో 30 మిల్లీమీటర్లు కదులుతుంది. చాలా పోటీల్లో గీత వెడల్పే అంత ఉండదు. సెన్సర్ "నలుపు" అని చెప్పేలోపు రోబో నలుపు దాటేసి ఉంటుంది. మెల్లగా నడిపితే బాగా పోయే రోబో వేగం పెంచగానే గీత తప్పడానికి మోటార్లనో ప్రోగ్రామునో తప్పుపట్టే ముందు ఈ చిన్న గుణకారం చేసి చూడాలి.

మూడోది జ్ఞాపకం. కాడ్మియం సల్ఫైడ్ సెల్ అంతకుముందు ఎంతసేపు చీకట్లో ఉంది, ఎంతసేపు వెలుతురులో ఉంది అన్నదాన్ని బట్టి అదే వెలుతురుకు కొంత వేరే నిరోధం చూపుతుంది. రాత్రంతా సంచిలో ఉండి పొద్దున్నే హాల్లో బయటికి తీసిన పరికరం మొదట ఒక అంకె చూపి, మెల్లగా మరో అంకె దగ్గర స్థిరపడేది ఇందుకే. తీసిన వెంటనే కాకుండా, కొంతసేపు వెలుతురులో ఉంచాక సరిచేయడం మేలు.

వీధిదీపం నమూనాలో మరో చిక్కు ప్రతి ఏటా పిల్లలను ఏడిపిస్తుంది. చీకటి పడింది, దీపం వెలిగింది. ఆ దీపం వెలుతురే ఎల్‌డీఆర్ మీద పడింది. పగలనుకుని సర్క్యూట్ దీపాన్ని ఆర్పింది. మళ్లీ చీకటి, మళ్లీ దీపం. మినుకుమినుకుమంటూ ఆగని ఆ నమూనాలో ఏ భాగమూ చెడలేదు. ఎల్‌డీఆర్‌ను దీపం కన్ను పడని చోట, స్తంభం తలమీద ఆకాశం వైపు పెట్టి, వెలిగే హద్దుకూ ఆరే హద్దుకూ మధ్య కొంత ఎడం ఉంచితే సరిపోతుంది. బట్టీ పట్టిన నమూనాను అప్పజెప్పడానికీ, అర్థమై చేసినదానికీ తేడా ఈ ఒక్క చోట బయటపడుతుంది. ఈ నమూనాను పాతబడిందని చిన్నచూపు చూడనక్కరలేదు.

కాడ్మియం విషపదార్థం. యూరప్‌లో 2006 నుంచి అమలైన నియమం విద్యుత్ పరికరాల్లో దాని మోతాదును 0.01 శాతానికి పరిమితం చేసింది. బిళ్ల పగిలితే చేతులు కడుక్కోవాలి, చెత్తలో పారేయకూడదు.

ఫోటోట్రాన్సిస్టర్, పరారుణ జంటలు

వేగం కావలసిన చోట సిలికాన్ భాగాలు వాడతారు. ఫోటోట్రాన్సిస్టర్ స్పందన మైక్రోసెకన్లలో ఉంటుంది కాబట్టి గీత దాటిపోయే బెడద లేదు. గీత రోబోల్లో ఎక్కువగా కనబడే టీసీఆర్‌టీ 5000లో 950 నానోమీటర్ల పరారుణ ఎల్‌ఈడీ, దాని పక్కనే ఫోటోట్రాన్సిస్టర్ ఉంటాయి. నేల నుంచి రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో అది గరిష్ఠంగా పనిచేస్తుంది, 15 మిల్లీమీటర్లు దాటితే చూపు పలచబడుతుంది. ప్లైవుడ్ పలకల అతుకు దగ్గర చక్రం ఒక్క క్షణం లేచినా అంకె మారిపోయేది అందుకే. సెన్సర్‌ను పొడవాటి చట్రం చివర వేలాడదీసినవారికి ఈ బాధ ఎక్కువ.

సున్నితత్వంలో తేడాలు ఇక్కడా ఉన్నాయి. కంపెనీలే ఫోటోట్రాన్సిస్టర్లను కొలిచి, తరగతులుగా విడదీసి అమ్ముతాయి. వేడి పెరిగితే చీకటిలో కూడా పారే కరెంటు పెరుగుతుంది, స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకూ రెండింతలు. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం జరిగే పోటీలో దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

టీవీ రిమోట్ల కోసం పుట్టిన టీఎస్‌ఓపీ 1738ను అడ్డంకులు గుర్తించడానికి వాడే జట్లున్నాయి. సెకనుకు 38 వేల సార్లు ఆరి వెలిగే పరారుణానికే స్పందిస్తుంది కాబట్టి మామూలు వెలుతురు దాన్ని అంతగా బాధించదు. అయితే ఆ సంకేతాన్ని ఆపకుండా పంపితే అది తన సున్నితత్వాన్ని తానే తగ్గించుకుని కాసేపటికి మూగబోతుంది. రిమోట్ లాగా విడివిడి గుక్కలుగా పంపాలి. ఇది తెలియక మంచి భాగాలను పారేసి కొత్తవి కొన్న విద్యార్థులను తలుచుకుంటే జాలేస్తుంది.

వేదిక వెలుతురు

తరగతి గదిలో బల్లమీద వెలుతురు 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. నేరుగా పడే ఎండ దాదాపు 1,00,000 లక్స్. కిటికీ పక్కన ఒక అడుగు దూరంలో నూరింతల తేడా ఉండగలదు. మన కన్ను తన పాపను కుదించుకుని, మెదడు సర్దిచెప్పి, ఆ తేడాను మనకు తెలియనీయదు. అందుకే "రెండు చోట్లా వెలుతురు ఒకటే కదా" అనిపిస్తుంది.

అంతకంటే లోతైన చిక్కు, వెలుతురులో కంటికి కనబడని భాగం. సిలికాన్ సెన్సర్ చూపు 1100 నానోమీటర్ల దాకా, అంటే పరారుణంలోకి బాగా లోపలికి సాగుతుంది. ఎల్‌ఈడీ ట్యూబు లైట్లలో పరారుణం దాదాపు ఉండదు. హాలోజన్ దీపంలోనూ సూర్యకాంతిలోనూ పుష్కలంగా ఉంటుంది. హాస్టల్లో ఎల్‌ఈడీ వెలుతురులో సరిచేసిన రోబోను ఆడిటోరియం వేదిక మీద హాలోజన్ ఫోకస్ లైట్ల కిందికి తెస్తే, కంటికి రెండూ ఒకేలా వెలుగుతున్నా సెన్సర్‌కు వేదిక మండిపోతున్నట్టుంటుంది. టీసీఆర్‌టీ 5000 మీది నల్లని వడపోత కనబడే కాంతిని ఆపుతుంది, ఎండలోని పరారుణాన్ని ఆపలేదు.

కరెంటుతో వెలిగే చాలా దీపాలు నిలకడగా వెలగవు. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబు లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. ఎల్‌డీఆర్ తన నిదానం వల్ల దాన్ని కొంత సర్దేస్తుంది. వేగంగా చదివే ఫోటోట్రాన్సిస్టర్ ఒకసారి శిఖరాన్నీ మరోసారి లోయనూ చూసి తడబడుతుంది. పది మిల్లీసెకన్ల పాటు చదివి సగటు తీస్తే ఒక పూర్తి ఆవృత్తి అందులో ఇమిడి ఈ అల మాయమవుతుంది.

వీటికి తోడు మనుషులున్నారు. వంగి చూసే న్యాయనిర్ణేత నీడ, వీడియో తీసేవారి దీపం, కెమెరా ఫ్లాష్ అన్నీ సెన్సర్ దృష్టిలో సంకేతాలే.

నల్లగా కనబడేదంతా నలుపు కాదు

పోటీ బాటను మన దగ్గర ఎక్కువగా ఫ్లెక్స్ మీద ముద్రిస్తారు, లేదా తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తారు. కంటికి రెండూ నలుపే. పరారుణానికి నలుపా కాదా అన్నది సిరాలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. కార్బన్ పొడి ఉన్న సిరా, లేజర్ ప్రింటర్ టోనర్ పరారుణాన్ని మింగేస్తాయి. కొన్ని రంగుల కలయికతో నలుపు తెచ్చే సిరాలు పరారుణాన్ని దాటనిచ్చేస్తాయి, కింద ఉన్న తెలుపు సెన్సర్‌కు కనబడుతుంది. అలాంటి బాట మీద పరారుణ రోబో గీతే లేనట్టు నడుస్తుంది, ఎల్‌డీఆర్ రోబో మాత్రం సాఫీగా పోతుంది. ఖరీదైన సెన్సర్ ఓడి చవకది గెలిచే ఇలాంటి సందర్భం చూసినవారికి, ఏ సెన్సర్ గొప్పది అన్న ప్రశ్నకు బాటను చూడకుండా జవాబు లేదని తెలుస్తుంది.

మెరుపు ఇంకో శత్రువు. మెరిసే టేపు, మెరిసే ఫ్లెక్స్ అద్దంలా ప్రవర్తించి, సరైన కోణంలో పడితే నలుపు మీద నుంచి కూడా వెలుతురును గట్టిగా తిప్పికొడతాయి. సెన్సర్‌ను కొద్దిగా వాల్చి బిగిస్తే ఆ తిరుగు కిరణం పక్కకు పోతుంది.

పరారుణ ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో కంటితో చెప్పలేం. ఫోన్ కెమెరాలో, ముఖ్యంగా చాలా ఫోన్ల ముందు కెమెరాలో, అది ఊదారంగు చుక్కగా కనబడుతుంది. పోటీకి పది నిమిషాల ముందు చేయగల అత్యంత ఉపయోగకరమైన పరీక్ష ఇదే.

తీగలు, బ్యాటరీ, కంపారేటర్

సెన్సర్ మీద పడే నింద చాలాసార్లు దాని తీగది. బ్రెడ్‌బోర్డులో వదులుగా ఉన్న జంపర్ వైరు, పైకి అతికినట్టు కనబడే టంకం, బస్సు ప్రయాణంలో వంగిన కాలు: ఇవన్నీ "సెన్సర్ ఒకసారి పనిచేస్తోంది, ఒకసారి చేయట్లేదు" అన్న రూపంలోనే బయటపడతాయి. పోటీకి తీసుకెళ్లే పరికరం బ్రెడ్‌బోర్డు మీద ఉండకూడదు.

బ్యాటరీ దిగుతుంటే పరారుణ ఎల్‌ఈడీ మసకబారుతుంది, ప్రతిఫలనం తగ్గుతుంది, తెలుపు మెల్లగా బూడిద అవుతుంది. మోటారు కదలబోయే క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది, బ్రష్ మోటార్లు తీగల్లోకి విద్యుత్ అలజడి వదులుతాయి. మోటారు కాళ్ల మీద 100 నానోఫారడ్ల కెపాసిటర్ అతకడం, సెన్సర్లకు విడిగా రెగ్యులేటర్ పెట్టడం పాత చిట్కాలే, ఇప్పటికీ పనిచేస్తాయి.

బజారులో దొరికే సెన్సర్ మాడ్యూళ్లలో, రీడింగును ఒక హద్దుతో పోల్చి అవుననో కాదనో చెప్పే ఎల్ఎం 393 కంపారేటర్, హద్దు మార్చుకోవడానికి ఒక నీలం ప్రీసెట్ ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో ప్రీసెట్ తిప్పి నలుపుకూ తెలుపుకూ మధ్య హద్దు పెడతారు. ఆ హద్దు ఆ గదికి, ఆ గంటకు మాత్రమే చెల్లుతుంది. పైగా రీడింగు సరిగ్గా హద్దు మీద ఉన్నప్పుడు ఇలాంటి సర్క్యూట్ అవుననీ కాదనీ వెంటవెంటనే ఊగిసలాడుతుంది. అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు ఒక పెద్ద రెసిస్టర్, సుమారు ఒక మెగా ఓం, కలిపితే ఆ ఊగిసలాట ఆగుతుంది.

తేడాను కొలవడం

మంచి జట్లు వెలుతురును కొలవవు, తేడాను కొలుస్తాయి. ఎల్‌ఈడీని ఆర్పి ఒకసారి, వెలిగించి వెంటనే ఇంకోసారి చదివి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది తమ దీపం వల్ల వచ్చిన వెలుతురే. ట్యూబు లైటూ కిటికీ ఎండా రెండు రీడింగుల్లోనూ సమానంగా ఉంటాయి కాబట్టి కొట్టుకుపోతాయి. రెండు రీడింగుల మధ్య ఎడం ఒక మిల్లీసెకనులో చిన్న వంతు ఉంటే దీపాల మినుకు కూడా అడ్డురాదు. మైక్రోమౌస్ చేసేవారు ఎల్‌ఈడీకి అతి తక్కువ సేపు ఎక్కువ కరెంటు ఇచ్చి ఇదే పని చేస్తారు. ఒక్క షరతు, బయటి వెలుతురు సెన్సర్‌ను అప్పటికే నింపేసి ఉండకూడదు. నిండిన కుండలో ఎంత పోసినా మట్టం పెరగదు. అందుకని ముందు నల్ల అట్టతోనో ష్రింక్ స్లీవుతోనో సెన్సర్ చుట్టూ గొడుగు కట్టి, ఆ తరవాత తీసివేత చేయాలి.

రెండో పద్ధతి, బాట మీదే సరిచేసుకోవడం. బటన్ నొక్కగానే రోబో గీత మీద అటూ ఇటూ కొన్ని సెకన్లు ఊగి, ప్రతి సెన్సర్ చూసిన అత్యల్పాన్నీ అత్యధికాన్నీ గుర్తుపెట్టుకుని, ఆ తరవాతి రీడింగులన్నిటినీ సున్నా నుంచి వెయ్యి మధ్యకు మార్చుకుంటుంది. బిళ్లకూ బిళ్లకూ ఉన్న తేడా, ఎత్తు తేడా, హాలు తేడా ఒకే దెబ్బకు సర్దుకుంటాయి. ప్రోగ్రాములో 450 అని ఒక అంకె శాశ్వతంగా రాసుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

గొలుసు యంత్రాలు

అమెరికాలో బడిపిల్లల సైన్స్ ఒలింపియాడ్‌లో మిషన్ పాసిబుల్ అనే అంశం ఉంది. ఒక పని మరో పనిని పుట్టిస్తూ చివరి దాకా చేయి తగలకుండా నడిచే యంత్రాన్ని పిల్లలు తయారుచేయాలి. ఇలాంటి యంత్రాల్లో బల్బు వెలిగి ఎల్‌డీఆర్ మీద పడితే తరవాతి మోటారు కదలడం వంటి మెట్లు ఉంటాయి. ఇక్కడ వేగంతో పనిలేదు, ఒక్కసారి జరిగితే చాలు. కానీ గొలుసు లెక్క కఠినం. ఒక్కో మెట్టు నూటికి 95 సార్లు పనిచేస్తే పది మెట్ల యంత్రం చివరిదాకా చేరేది నూటికి 60 సార్లే. ఇరవై మెట్లయితే 36. మెట్టు నూటికి 99 సార్లు పనిచేస్తే పది మెట్లకు 90. బల్ల మీద ఒక్కొక్క మెట్టును విడిగా చూసి "పనిచేస్తోంది" అని సంతృప్తి పడేవారికి ఈ అంకెలు చూపించాలి.

కాంతి మెట్టుకు రెండు ప్రమాదాలు: పిలవకుండా పలకడం, పిలిచినా పలకకపోవడం. మొదటిది హాలు వెలుతురు వల్ల, రెండోది బల్బు కాస్త పక్కకు జరగడం వల్ల వస్తుంది. బల్బునూ ఎల్‌డీఆర్‌నూ ఒక నల్ల గొట్టంలో ఎదురెదురుగా బిగిస్తే రెండూ తీరతాయి. సంకేతం ఒక్క క్షణం వచ్చి పోయేదైతే, ఒకసారి తెరుచుకుంటే తెరిచే ఉండే థైరిస్టర్‌తో దాన్ని పట్టి ఉంచవచ్చు.

నియమాలు, నిర్వాహకులు

మైక్రోమౌస్ నియమాల్లో వెలుతురు గురించి తేటగా ఉంది: గదిలో ఏ వెలుతురుంటే అదే, మార్చమని అడగడానికి లేదు. గోడలు పరారుణాన్ని ప్రతిఫలిస్తాయనీ నేల మింగుతుందనీ కూడా ముందే చెబుతారు. ఏది మారవచ్చో, ఏది మారదో పోటీదారుకు తెలుస్తుంది.

మన పోటీల్లో గీత వెడల్పు, వంపుల కోణం, రోబో కొలతలు రాసి ఇస్తారు. బాట ఏ పదార్థమో, మెరుస్తుందో లేదో, పోటీ వేదిక మీదా ఆరుబయటా అన్నది చాలాసార్లు రాయరు. సొంత ల్యాబూ, పెద్ద హాలూ ఉన్న కాలేజీ జట్టు రకరకాల దీపాల కింద పరీక్షించుకోగలదు. రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగిన చిన్న ఊరి జట్టుకు దొరికేది వరసలో నిలబడి చూసే ఒక్క ప్రయత్నం. ఈ తేడాను తగ్గించడం నిర్వాహకుల చేతిలో ఉంది, పెద్ద ఖర్చూ కాదు. బాట ముద్రించినప్పుడే అదే సిరాతో, అదే ఫ్లెక్స్ మీద అదనంగా కొన్ని గీతలు ముద్రించి, అడుగు ముక్కలుగా కోసి, పేరు నమోదు చేసుకున్న ప్రతి జట్టుకూ ముందుగానే కవరులో పంపవచ్చు. పోటీ రోజున అసలు బాట పక్కనే, అవే దీపాల కింద, సాధన ముక్క ఒకటి పరిచి ఉంచవచ్చు.